ఓర్పు, కత్తి, తెలివిడి: నెలసరి నొప్పి చరిత్ర

మన సాహిత్యంలో స్త్రీ కన్నీటికి దొరికిన చోటు ఆమె కడుపునొప్పికి దొరకలేదు. నాయిక విరహతాపానికి ప్రబంధ కవులు పద్యాల మీద పద్యాలు ఖర్చు చేశారు. చందనం పూయించారు, తామరాకులు పరిపించారు, చెలికత్తెల చేత వీవనలు వీయించారు. కాని నెలనెలా వచ్చి, రెండు మూడు రోజులు మనిషిని మెలిపెట్టి వదిలే నొప్పి ఆ కావ్యాలకు వస్తువు కాలేదు. తరవాత వచ్చిన నవలా కథానికా కూడా చాలాకాలం దాన్ని చూసీ చూడనట్టే నడిచాయి. చెప్పుకోరాని నొప్పికి భాష ఏర్పడదు. భాష లేని నొప్పిని గురించి ప్రశ్నలు పుట్టవు. ప్రశ్నలు లేనిచోట శాస్త్రం గడప దాటి లోపలికి రాదు. అంచేత ఈ మౌనాన్ని కేవలం సిగ్గు అని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. దానికొక చరిత్ర ఉంది. ఆ చరిత్రను మన ప్రాంతం నుంచే చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నిజామాబాదు జిల్లాలో చందూర్, వర్ని, బోధన్ ప్రాంతాలు శ్రమ మీద బతికే ప్రాంతాలు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలకు కాలువ నీళ్ళు తెచ్చింది. వరి వచ్చింది, చెరుకు వచ్చింది. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది; 2015 డిసెంబరులో అది మూతపడేదాకా ఈ చుట్టుపక్కల జీవితం దాని కూత వినే నడిచింది. ఈ డెబ్బయి ఎనభై ఏళ్ళలో నాట్లు వేసింది ఆడవాళ్ళు, కలుపు తీసింది ఆడవాళ్ళు, ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిందీ ఆడవాళ్ళే. చెరుకులో చక్కెర పాలెంతో కొలవనిదే కర్మాగారం నడవదు. ఆ చెరుకు తోటలో కలుపు తీసిన మనిషి నడుములో నొప్పి ఎంతో ఎవరూ కొలవలేదు. బీడీలకు కూలి వెయ్యికి ఇంత అని లెక్క. నొప్పి ఉన్ననాడు వెయ్యి పూర్తి కాకపోతే ఆ నష్టం చుట్టినదానిదే.

ఈ నొప్పికి మన సమాజం రెండే మందులు చెప్పింది. ఒకటి ఓర్పు. రెండోది, ఇటీవలి దశాబ్దాలలో, కత్తి. "ఆడదాని పుట్టుక అంతే, ఓర్చుకోవాలె" అనేది మొదటిది. "గర్భసంచి తీసేస్తే పీడ పోతది" అనేది రెండోది. ఈ రెంటికీ మధ్య మూడోది ఒకటి ఉండాలి. నొప్పి ఎందుకు వస్తుందో, ఎట్లా పెరుగుతుందో, ఎట్లా తగ్గుతుందో, ఎప్పుడు అది మరో జబ్బుకు గుర్తో నొప్పి పడే మనిషికే తెలియచెప్పటం ఆ మూడోది. నొప్పిని గురించిన జ్ఞానం మన దేశంలో లేకపోలేదు. అది ఎవరి చేతిలో ఉంటూ వచ్చింది, ఎవరి చేతికి రాలేదు అన్నదే అసలు ప్రశ్న.

మొదట పాత శాస్త్రాన్ని చూద్దాం. చరక సంహిత ఇరవై యోనివ్యాపత్తులను వర్ణించింది. అందులో ఉదావర్త అనేదొకటి. వాతం తన దారి తప్పి పైకి తిరగటంవల్ల రజస్సు కష్టంగా వెలువడుతుందనీ, రక్తం బయటికి పోగానే స్త్రీకి సుఖం కలుగుతుందనీ దాని లక్షణం. వాత సిద్ధాంతాన్ని ఇవాళ యథాతథంగా ఎవరూ అంగీకరించకపోవచ్చు. కాని స్రావం మొదలయ్యే ముందు, మొదలైన కొద్ది గంటలలో నొప్పి ఎక్కువగా ఉండి తరవాత సడలుతుందన్న పరిశీలన నిక్కమైనది. ఎవరో ఒక వైద్యుడు ఎవరో ఒక స్త్రీ మాట శ్రద్ధగా విన్నాడని దాన్నిబట్టి ఊహించవచ్చు. అయితే ఆ గ్రంథం సంస్కృతంలో ఉంది; వైద్యుడికోసం ఉంది. నొప్పిని వర్ణించిన స్త్రీ నోటి మాట వైద్యుడి చెవిలో పడి శ్లోకమయింది కాని, ఆ శ్లోకం తిరిగి ఆమె చెవికి చేరలేదు.

ఆమెకు చేరింది ఇంటి వైద్యం. వాము నీళ్ళు, మెంతులు, ఇంగువ, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి, పొత్తికడుపు మీద వేడి గుడ్డ. వీటిని వెక్కిరించటం అభ్యుదయం కాదు. పొత్తికడుపు మీద వేడి కాపడం నెలసరి నొప్పిని తగ్గిస్తుందని ఆధునిక పరీక్షలు కూడా ఒప్పుకున్నాయి. ముసలమ్మలు చేసిన మేలు చేసినట్టు ఒప్పుకోవాలి. కాని ఇంటి వైద్యం "ఇది చెయ్యి" అన్నది. "ఇందుకు చెయ్యి" అనలేదు. కారణం చెప్పవలసిన చోట అది మైల అన్నది.

ఇక్కడ ఒక వాదాన్ని పరిశీలించక తప్పదు. ముట్టు నాడు స్త్రీని దూరంగా కూర్చోబెట్టటం ఆమె విశ్రాంతికోసమే అని చదువుకున్నవాళ్ళు కూడా అంటుంటారు. ఆ విశ్రాంతి ఎవరికి దొరికిందో చూస్తే ఈ వాదం నిలవదు. పది మంది పనివాళ్ళున్న ఇంటి కోడలు మూడు రోజులు వంటింటికి దూరంగా ఉంటే ఇల్లు ఆగదు. కూలికి పోయే ఆమె దేవుడి గూటికి మాత్రమే దూరం. పొలానికి దూరం కాదు. నాటు వెయ్యటానికి ఆమెకు మైల అడ్డు రాలేదు. ఆమె చేతి వరి అందరి గాదెలకూ చేరింది. అంటే అంటు మిగిలింది, విశ్రాంతి మిగల్లేదు. పైగా దూరంగా కూర్చోబెట్టిన మనిషికి ఆ దూరం ఒక సంగతి నేర్పింది: తన ఒంట్లో జరిగేది తప్పు, దాన్ని గురించి నోరెత్తకూడదు. నొప్పి మీద భయాన్నీ సిగ్గునీ కూడా మోపిన ఏర్పాటు ఇది. భయం నొప్పిని పెంచుతుందని శాస్త్రం తరవాత చెప్పింది.

పంతొమ్మిదో శతాబ్దంలో నొప్పి మీద మనిషి సాధించిన మొదటి పెద్ద విజయంలో మన హైదరాబాదుకు భాగముంది. 1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవంలో క్లోరోఫాం వాడాడు. నొప్పితో కనమని దైవం స్త్రీని శాసించగా దాన్ని తప్పించటం పాపమని కొందరు మతపెద్దలు అడ్డుపడ్డారు. 1853లో విక్టోరియా రాణి తన కాన్పుకు క్లోరోఫాం పుచ్చుకున్న తరవాత ఆ అభ్యంతరానికి బలం తగ్గింది. రాణికి నొప్పి తగ్గితే శాస్త్రం, పేదరాలికి తగ్గితే పాపం అనటానికి నోరు రాదు గదా! క్లోరోఫాం ప్రాణాపాయకరమా కాదా అన్న తగవు తీర్చటానికి నిజాం రాజ్యంలో 1888లోనూ 1889లోనూ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ వాటికి కారకుడు. ఖర్చు నిజాం ప్రభుత్వానిది. రెండో కమిషన్ కోసం 'లాన్సెట్' పత్రిక ఇంగ్లండు నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. అదే హైదరాబాదు వైద్య పాఠశాలలో లారీ ఆడపిల్లలను చేర్చుకున్నాడు. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం ఇవ్వటంలో ఆరితేరింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనంటారు.

ఇది మనం గర్వపడవలసిన సంగతే. కాని ఇందులో ఒక పరిమితి ఉంది. క్లోరోఫాం నొప్పిని జయించింది మనిషిని నిద్రపుచ్చి. రోగి స్పృహ కోల్పోతేనే దాని పని. శస్త్రచికిత్స బల్ల మీద అది వరం. నెలకు మూడు రోజుల చొప్పున ముప్ఫయి అయిదేళ్ళు నొప్పితో మెలకువగా బతకవలసిన మనిషికి అది సమాధానం కాదు. మెలకువగా ఉన్న మనిషికి కావలసింది తెలివిడి. 1889 నాటి విజ్ఞానానికి ఇంకా ఆ ఊసు లేదు.

తెలుగు సంస్కరణోద్యమం స్త్రీకి అక్షరం ఇచ్చింది. వీరేశలింగం 1883లో 'సతీహితబోధిని' పెట్టాడు. వితంతువు బాధ, బాల్యవివాహం, విద్య చర్చకు వచ్చాయి. స్త్రీ శరీరం మాత్రం చాలావరకు పత్రికల వెనక పేజీలలో, ప్రకటనలలో కనిపించింది. మద్రాసులో డాక్టర్ కె. ఎన్. కేసరి 'కేసరి కుటీరం' పెట్టి స్త్రీల వ్యాధులకు 'లోధ్ర' అనే ఔషధం తయారు చేశాడు. తెలుగు పత్రికలు తిరగేసిన పాతతరం పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. ఆయనే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక ప్రారంభించాడు; రచయిత్రులకు స్వర్ణకంకణాలిచ్చి గౌరవించాడు. కేసరి చేసిన సాహిత్యసేవను ఎవరూ కాదనలేరు. కాని మన సంస్కృతి చరిత్రకారుడు గమనించవలసిన విచిత్రం ఇది: కథలోనూ కవితలోనూ నోరెత్తలేని నొప్పి ప్రకటనలో నోరెత్తింది. అమ్ముకునేవాడికి దానిపేరు చెప్పటం అవసరమయింది. కొనే స్త్రీకి సీసా అందింది. ఆ సీసా దేన్ని తగ్గిస్తుందో, ఆ నొప్పి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకునే దారి సీసాతోపాటు రాలేదు.

1930లో చలం 'స్త్రీ' వచ్చింది. స్త్రీకి శరీరముందనీ దానికి వ్యాయామం కావాలనీ చలం అన్నప్పుడు సంఘం ఉలిక్కిపడింది. ఆయన వాదాలన్నిటితో మనం ఏకీభవించనక్కర్లేదు. శరీరాన్ని మైల నుంచి విడదీసి మాట్లాడటానికి తెలుగు వచనం అక్కడ ఒక అడుగు వేసిందని మాత్రం ఒప్పుకోవాలి. 1937లో ఆరో ఆంధ్ర మహాసభ మందుముల నర్సింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది. మహాసభలతోపాటు మహిళా సభలు జరిపే సంప్రదాయం అప్పటికే ఏర్పడింది. విద్య, బాల్యవివాహం, పరదా గురించి ఆ సభలు చేసిన కృషి లేకపోతే ఇవాళ ఈ మాటలు చదివే స్త్రీలు ఇంతమంది ఉండేవారు కారు. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ 'ప్రసూతి, శిశుపోషణ' తెలుగులో రాసి, వైద్యురాలి జ్ఞానాన్ని తల్లి చేతికి అందించే పని మొదలుపెట్టారు. అయితే వీటన్నిటిలోనూ శరీరం తల్లి శరీరమే. కాన్పుకు పుస్తకం వచ్చింది. కాన్పు లేని నెలల నొప్పి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఎదురుచూడటానికి ఒక కారణం శాస్త్రంలోనే ఉంది. నెలసరి నొప్పికి మూలం శాస్త్రానికే ఆలస్యంగా తెలిసింది. 1935లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ ఒక పదార్థానికి ప్రోస్టాగ్లాండిన్ అని పేరు పెట్టాడు. 1957లో ఇంగ్లండులో పికిల్స్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు నెలసరి స్రావంలో కండరాలను బిగింపచేసే పదార్థమేదో ఉందని చూపించాడు. అవి ప్రోస్టాగ్లాండిన్లేనని తరవాత తేలింది. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ వంటి మందులు ఈ పదార్థం తయారు కాకుండా ఆపుతాయని నిరూపించాడు. ఈ విషయం మీద చేసిన కృషికి 1982లో వేన్‌కూ, బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్‌లకూ నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు ఎన్ని దశాబ్దాలు వైద్యులు ఈ నొప్పిని "మనసు బలహీనత" అనీ "పెళ్ళయితే పోతుంది" అనీ తేల్చారో గుర్తు చేసుకుంటే, స్త్రీ అబద్ధమాడలేదని నిరూపించటానికి ప్రయోగశాల ఎంత అవసరమయిందో తెలుస్తుంది.

ఆ శాస్త్రాన్ని మన మాటలలో చెప్పటం కష్టం కాదు. గర్భసంచి ఒక కండరం. లోపలి పొర ఆ నెల అవసరం లేక ఊడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు విడుదలవుతాయి. అవి ఆ కండరాన్ని పిండుతాయి. గట్టిగా పిండినప్పుడు అందులోని రక్తనాళాలు కూడా నొక్కుకుపోయి, కండరానికి అందే రక్తం తగ్గుతుంది. బరువు మూట చాలాసేపు ఒకే చేత్తో పట్టుకుంటే చెయ్యి ఎట్లా నొస్తుందో ఇదీ అట్లాగే. ఆ పదార్థం ఎక్కువగా తయారయ్యేవాళ్ళకు నొప్పి ఎక్కువ. అది రక్తంలో కలిసి పేగులను కూడా కదిలిస్తుంది. వాంతి, విరేచనం, తలనొప్పి అందుకే. "కడుపుల మెలివెడ్తది, కాళ్ళు గుంజుతయి" అని మా వైపు స్త్రీలు చెప్పే మాటలో ఏ అక్షరమూ కల్పన కాదు.

ఇది కథలో సగం. నొప్పి పుట్టేది కడుపులోనే అయినా దాన్ని నొప్పిగా అనుభవింపచేసేది నాడీమండలం. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఒక కొత్త సిద్ధాంతం ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోటినుంచి మెదడుదాకా నొప్పి తీగె మీద వార్తలా నేరుగా పోదు. వెన్నుపాములో ఒక ద్వారముంది, అది కొంత మూసుకోనూ గలదు, మరింత తెరుచుకోనూ గలదు అన్నారు. వివరాలలో ఆ సిద్ధాంతం తరవాత మారింది, మూలసూత్రం నిలిచింది. నొప్పి దెబ్బకు కొలబద్ద కాదు, అపాయమున్నదన్న హెచ్చరిక.

హెచ్చరిక లేకపోతే ఏమవుతుందో నిజామాబాదు జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. డిచ్‌పల్లిలో 1915 నుంచి ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు వైద్యశాల ఈ జిల్లాలోదే. కుష్ఠు నరాలను చంపుతుంది. కాలిలో ముల్లు దిగినా, చెయ్యి కాలినా తెలియదు. తెలియక పుండు ముదిరి వేళ్ళు పోతాయి. కుష్ఠు రోగుల చేతులూ కాళ్ళూ పోవటానికి ఈ స్పర్శలేమే ముఖ్యకారణమని వేలూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ లోకానికి చాటాడు. కనక నొప్పి శత్రువు కాదు, కావలివాడు. అయితే కావలివాడు కూడా తప్పు చెయ్యగలడు. మక్క తోటలో అడవిపంది ఒకసారి పడ్డ తరవాత మంచె మీది మనిషికి ఆకు అలికిడి కూడా పంది అలికిడిలాగే వినిపిస్తుంది. నెలనెలా నొప్పి పడీ పడీ, దానికి నిద్రలేమీ భయమూ చాకిరీ తోడైతే, నాడీమండలం కూడా అట్లా ఉలికిపాటుకు అలవాటు పడుతుంది. చిన్న సంకోచాన్ని కూడా పెద్ద నొప్పిగా వినిపిస్తుంది. ఇది మనిషి బలహీనత కాదు, నరాల ధర్మం. నేర్చుకున్నదాన్ని నాడులు కొంత మరవనూ గలవు.

ఈ అవగాహనను రోగికే పాఠంగా చెప్పాలన్న ఆలోచన ఇటీవలిది. 2003లో ఆస్ట్రేలియాలో డేవిడ్ బట్లర్, లోరిమర్ మోస్లీ 'ఎక్స్‌ప్లెయిన్ పెయిన్' అనే పుస్తకం తెచ్చారు. నొప్పి ఎట్లా పనిచేస్తుందో బొమ్మలతో, ఉదాహరణలతో రోగికి చెప్తే భయం తగ్గుతుంది, మనిషి కదలటానికి జంకడు, నొప్పి పట్టు సడలుతుంది అన్నది వారి వాదం. దీర్ఘకాలపు నడుము నొప్పి మీద ఇది మొదట పరీక్షకు వచ్చింది. ఒంటరిగా దీని ఫలితం కొద్దిపాటిదే, వ్యాయామంతో కలిపినప్పుడు మెరుగు. ఇప్పుడు నెలసరి నొప్పి విషయంలో కూడా పరిశోధకులు దీన్ని పరీక్షిస్తున్నారు. పాఠం వింటే నొప్పి మాయమవుతుందని ఎవరూ అనకూడదు. పాఠం చేసే పని వేరు: అది స్త్రీ చేతిలో ఉన్న సాధనాలకు పదును పెడుతుంది.

ఎట్లాగంటే, ప్రోస్టాగ్లాండిన్ సంగతి తెలిసిన మనిషి ఐబుప్రొఫెన్ వంటి మాత్రను నొప్పి పరాకాష్ఠకు చేరేదాకా ఆగి కాక, మొదలవగానే వేసుకుంటుంది. అన్నం తిన్న తరవాత వేసుకుంటుంది. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఉబ్బసం ఉంటే వైద్యుణ్ణి అడగకుండా ముట్టదు. మన దుకాణాలలో చీటీ లేకుండా చేతులు మారే మెఫెనమిక్ ఆమ్లం అరుదుగానైనా తీవ్రమైన వికటనకు దారితీయవచ్చునని 2023 నవంబరులో ప్రభుత్వ ఔషధ సంస్థ హెచ్చరించిన సంగతి ఆమెకు తెలిసి ఉంటుంది. వేడి కాపడం మూఢనమ్మకం కాదని తెలుసు. వారానికి మూడుసార్లు, ముప్పావు గంటనుంచి గంటదాకా చేసే వ్యాయామం నొప్పిని చెప్పుకోదగినంత తగ్గించవచ్చునని, ఆధారాలు అంత బలమైనవి కాకపోయినా, 2019 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. వీటన్నిటినీ మించి, ఏ నొప్పి మామూలుదో ఏది కాదో ఆమెకు తెలుస్తుంది. ఏళ్ళ తరబడి లేనిది కొత్తగా వచ్చినా, నెలనెలకూ ముదిరినా, నెలసరి లేనప్పుడు కూడా ఉన్నా, రక్తస్రావం విపరీతమైనా, జ్వరం తోడైనా అది ఓర్చుకునే నొప్పి కాదు. ఎండోమెట్రియోసిస్, గడ్డలు, ఇన్‌ఫెక్షన్ వంటి వాటికి వైద్యం కావాలి, పాఠం చాలదు.

తెలుగులో ఇటువంటి పాఠం చెప్పినవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదు బుక్ ట్రస్టు 'వైద్యుడు లేనిచోట' తెలుగులో తెచ్చింది. 1991లో స్త్రీశక్తి సంఘటన కృషితో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీలే స్త్రీలకోసం తమ శరీరాన్ని గురించి రాసుకున్న పుస్తకం. పత్రికలలో డాక్టర్ సమరం ఏళ్ళ తరబడి సిగ్గు లేని తెలుగులో జవాబులు రాశారు. ఇక్కడ "సిగ్గు లేని" అన్నది మెచ్చుకోలే. మన సాహిత్య చరిత్రలు ఇటువంటి రచనలకు ఒక్క వాక్యమైనా కేటాయించవు. వచనం ప్రజల జీవితంలోకి ఎంతదూరం పోయిందన్నది అభ్యుదయ విమర్శకు గీటురాయి అయితే, ఈ పుస్తకాలు సాహిత్య చరిత్రలోవి కాక మరెక్కడివి? అయినా ఇవి చేరవలసిన అన్ని గడపలకూ చేరలేదు. ఆ ఖాళీలోకి కత్తి వచ్చింది.

2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 అయితే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్పత్రులలోవే. కారణంగా సగానికి పైగా స్త్రీలు చెప్పింది నెలసరి అధిక రక్తస్రావం లేదా నొప్పి. పొరుగున మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు నరికే స్త్రీల సంగతి మరీ ఘోరం. 2019లో అక్కడి ప్రభుత్వ కమిటీ విచారించిన ఎనభై రెండు వేల పైచిలుకు స్త్రీలలో పదమూడు వేలమందికి పైగా గర్భసంచి లేదు. పని మానితే కూలి పోవటమే కాదు, ముకద్దం జరిమానా కూడా వేస్తాడు. నెలనెలా రెండు రోజులు పోగొట్టుకునేకంటే సంచే పోగొట్టుకోవటం మేలనిపించే దుస్థితి అది. కొన్ని జబ్బులకు ఈ ఆపరేషన్ ప్రాణరక్షకమే. ఆ మాట కాదనటం లేదు. కాని అనవసరంగా, చిన్న వయసులో చేస్తే, అండాశయాలు కూడా తీస్తే, ఎముకలూ గుండే దెబ్బతినే ప్రమాదముంది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరమైన ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చెయ్యాలని ఆదేశించవలసి వచ్చింది. శాస్త్రం అమ్మేవాడి చేతిలో మాత్రమే ఉండి, కొనేవాడి తలలో లేనప్పుడు జరిగేది ఇదే. లోధ్ర సీసా అమ్మిన కాలానికీ సంచి కోసే కాలానికీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు, నష్టంలోనే తేడా.

అభ్యుదయవాదులు కొందరు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. బీడీ కార్మికురాలికి కూలి పెంచాలి, పొలంలో మరుగుదొడ్డీ నీడా కావాలి, సెలవు కావాలి. ఇవన్నీ వదిలి ఆమెకు నరాల పాఠం చెప్పటమంటే బాధ్యతను వ్యవస్థ మీదినుంచి ఆమె నెత్తిమీదికి నెట్టటం కాదా? ఈ అభ్యంతరంలో బలముంది. రోజంతా వంగి నాటేసిన మనిషికి వ్యాయామం చెయ్యమనటం వెటకారమే. శ్రమ వేరు, ఒంటికి హితమైన కదలిక వేరు, ఆ రెండోదానికి తీరిక కావాలి. తీరిక కూలి రేటులో ఉంది. జపాన్ 1947 కార్మిక చట్టంలోనే నెలసరి సెలవు పెట్టింది; మన దేశంలో బీహారు 1992 నుంచి ప్రభుత్వోద్యోగినులకు నెలకు రెండు రోజులు ఇస్తున్నది. చాట ముందు కూర్చున్న స్త్రీకి అట్లాంటిదేదీ లేదు. అయితే ఒక మాట. ఏ హక్కయినా నోరు విప్పినవాళ్ళకే వచ్చింది. నొప్పి తన కర్మ అనుకున్న మనిషి సెలవు అడగదు. అది కండరం బిగింపు, దానికి వైద్యముంది, అది తన తప్పు కాదు అని తెలిసిన మనిషి అడుగుతుంది. పాఠం పోరాటానికి బదులు కాదు, పోరాటానికి నోరు.

మరొక అపోహను కూడా తొలగించాలి. నొప్పిలో మెదడుకు పాత్ర ఉందంటే నొప్పి ఊహాజనితమని అర్థం కాదు. చూపులో మెదడుకు పాత్ర ఉంది కనక సూర్యుడు ఊహ అంటామా? నొప్పి శాస్త్రాన్ని వక్రీకరించి "అంతా నీ మనసులోనే ఉంది" అనే వైద్యుడు పాత ఓర్పు పాఠాన్నే కొత్త పదాలలో వల్లిస్తున్నాడు. పాఠం మొదటి వాక్యం ఎప్పుడూ ఇదే కావాలి: నీ నొప్పి నిజం.

ఈ పాఠం ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి? ఉన్నత పాఠశాలలో ప్రత్యుత్పత్తి అధ్యాయం ఉంది. చాలాచోట్ల దాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటవేస్తారు. ఆ అధ్యాయంలో కూడా అండం ప్రయాణముంది, నొప్పి లేదు. కళాశాలలో సెలవు చీటీ రాసే అమ్మాయి జ్వరమని రాస్తుంది. అబద్ధం రాయక తప్పని స్థితి మన భాష కల్పించిందే. ఆశా కార్యకర్త ఊరూరా ఉంది, అంగన్‌వాడీ ఉంది, మహిళా సంఘాల నెలవారీ సమావేశముంది. అప్పు వాయిదా లెక్క చూసే చోట అరగంట ఈ లెక్క కూడా చూడవచ్చు. మగపిల్లలను బయటికి పంపి చెప్పవలసిన పాఠం కాదిది. రేపు భర్తా, మేస్త్రీ, వైద్యుడూ అయ్యేది వాళ్ళే.

భాష విషయంలో సాహిత్యోపాధ్యాయులకు ప్రత్యేకమైన పని ఉంది. ఋతుశూల అంటే వైద్యుడికి అర్థమవుతుంది. డిస్మెనోరియా అంటే మందుల దుకాణానికి అర్థమవుతుంది. చందూర్‌లో నాటు వేస్తున్న ఆమెకు రెండూ పరాయివే. ఆమెకు గుంజుడు తెలుసు, మెలివెట్టుడు తెలుసు, పీకుడు తెలుసు. ఏది ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అని అడిగి చూస్తే ఆ మాటలు ఏ వైద్య నిఘంటువుకూ తీసిపోనంత సూక్ష్మమైనవి. వాటిని సేకరించి, వాటితోనే పాఠం రాయాలి. పూర్వం ఒక స్త్రీ చెప్పిన మాట శ్లోకమై ఆమెకు దూరమయింది. ఇప్పుడు జరగవలసింది ప్రయోగశాలలో తేలిన సంగతి ఆమె మాటలలోకి దిగిరావటం. ఓర్చుకొమ్మనేవాడూ కోసేస్తామనేవాడూ ఆమె తరఫున నిర్ణయం చేస్తూ వచ్చారు. తెలిసిన తరవాత నిర్ణయం చేసేది ఆమె.